లోడు మీద ఆల్టర్నేటర్ లాస్ కొలవడం ఎలా? (125 కేవీఏ డీజీ సెట్)

మిర్చిస్టోర్_ఎలక్ట్రికల్:

నమస్కారం అండీ. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో 125 కేవీఏ డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) ఉంది. 415 వోల్టులు, 0.8 పవర్ ఫ్యాక్టర్, 1500 ఆర్‌పీఎం, బ్రష్‌లెస్ ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే భాగం), సింగిల్ బేరింగ్. లైను పోయినప్పుడు ఒక అమ్మోనియా కంప్రెసరు, కండెన్సర్ పంపులు, లైట్లు దీని మీద నడుస్తాయి. ప్యానెల్ మీటరు సగటున 45 కిలోవాట్లు చూపిస్తోంది. డీజిల్ మాత్రం గంటకు 17 లీటర్లు పోతోంది, అంటే లీటరుకు 2.65 యూనిట్లు.

ఇంజను మెకానిక్ ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టరు, టర్బో గొట్టాలు అన్నీ చూశాడు. ఇంజను బాగుంది, ఆల్టర్నేటరే తినేస్తోంది, రీవైండింగ్ చేయించండి అంటున్నాడు. యాజమాన్యం ఖర్చు పెట్టే ముందు లెక్క చూపించమంది.

లోడు మీద నడుస్తుండగా ఆల్టర్నేటర్ లోపల ఎన్ని కిలోవాట్లు పోతున్నాయో సైటులో కొలిచే దారి ఉందా? లోడు లేకుండా నడిపితే గంటకు 5 లీటర్లు అవుతోంది, దాన్ని ఆల్టర్నేటర్ లాస్ కింద తీసుకోవచ్చా? మల్టీమీటరుతో వైండింగ్ చూస్తే మూడు ఫేజులకీ 0.3 ఓమ్ వచ్చింది. అది ఎక్కువేనా?

టెస్ట్‌బెడ్_మూర్తి:

రీవైండింగ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి సార్. ముందు కాగితం మీద లెక్క చూద్దాం.

ఈ సైజు ఆల్టర్నేటర్ 45 కిలోవాట్ల దగ్గర 92 శాతం ఎఫిషియెన్సీకి అటూఇటూగా ఉంటుంది. అంటే ఇంజను షాఫ్ట్ మీద 49 కిలోవాట్లు ఇవ్వాలి. ఆ లోడులో ఆరోగ్యంగా ఉన్న ఇంజను షాఫ్ట్ యూనిట్‌కి 220–230 గ్రాముల డీజిల్ తీసుకుంటుంది. 225 వేసుకుంటే గంటకు 11 కిలోలు, లీటరు 0.83 కిలో చొప్పున 13.2 లీటర్లు. మీ 17కీ దీనికీ తేడా 3.8 లీటర్లు. ఆ తేడా అంతా ఆల్టర్నేటరే తింటోందంటే, ఆ డీజిల్‌తో ఇంజను తీసే 14 కిలోవాట్లు దాని లోపలే వేడి కావాలి. మామూలుగా పోయే 4 కూడా కలిపితే 18. ఫుల్ లోడులో మొత్తం 8 కిలోవాట్ల వేడిని బయటికి తోసేలా తయారైన మెషీన్ అది. 18 పెడితే వార్నిష్ వాసన మీకంటే ముందు మీ వాచ్‌మన్‌కి తెలిసేది.

కాబట్టి లాస్ కొలిచే దారి అక్కడే ఉంది. ఆల్టర్నేటర్‌లో పోయిన ప్రతి వాట్ వేడి గాలిగా బయటికి రావాల్సిందే. ఆ గాలినే కొలవండి.

కావలసినవి: వేన్ ఎనిమోమీటరు (గాలి వేగం కొలిచేది), ఒకే రకం థర్మోకపుల్స్ (టెంపరేచరు కొలిచేవి) రెండు, అంగుళాల టేపు. గాలి నాన్ డ్రైవ్ ఎండ్ (ఏవీఆర్ అనే వోల్టేజీ రెగ్యులేటర్ డబ్బా ఉన్న వైపు) నుంచి లోపలికి పోయి, ఫ్లైవీల్ వైపు జాలీల నుంచి బయటికి వస్తుంది. లోడు కదలకుండా కనీసం రెండు మూడు గంటలు నడపండి. బయటికొచ్చే గాలి టెంపరేచరు అరగంటలో అర డిగ్రీ కూడా మారని స్థితి వచ్చాకే రీడింగు తీయాలి. కంప్రెసరు మధ్యలో కట్ ఇన్, కట్ అవుట్ అవుతుంటే మీరు కొలిచేది అరగంట కిందటి లోడు వేడిని, ఇప్పటి లోడుది కాదు.

జాలీ మొత్తాన్ని చిన్న గడులుగా అనుకుని ఒక్కో గడి దగ్గర ఎనిమోమీటరు పది సెకన్లు ఆపి సగటు తీయండి. జాలీ అంతటా వేగం ఒకేలా ఉండదు. ఒక్క చోట కొలిచి వదిలేస్తే 30 శాతం తప్పు వస్తుంది. వేగం × ఖాళీ వైశాల్యం = సెకనుకు గాలి ఘనపు మీటర్లలో. దాన్ని టెంపరేచరు తేడాతో, 1.1తో గుణిస్తే కిలోవాట్లు. ఈ సైజు మెషీన్లలో గాలి 0.5 ఘనపు మీటరు దగ్గర ఉంటుంది కాబట్టి 4 కిలోవాట్లకు గాలి 7 డిగ్రీలు వేడెక్కాలి, 18 అయితే 33 డిగ్రీలు. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి లేబొరేటరీ అక్కర్లేదు.

చెడగొట్టేవి రెండు. లోపలికెళ్లే గాలి టెంపరేచరు గది మధ్యలో కాకుండా ఇన్‌లెట్ జాలీకి ఆనించి తీయాలి. రేడియేటరు వేడి గాలి తిరిగొచ్చే షెడ్లలో గదికీ ఇన్‌లెట్‌కీ 5 డిగ్రీల తేడా మామూలే. ఇక అవుట్‌లెట్ జాలీ ఫ్లైవీల్ హౌసింగ్ పక్కనే ఉంటుంది. ఇంజను బ్లాకు వేడి థర్మోకపుల్‌కి సూటిగా తగలకుండా అల్యూమినియం రేకు ముక్క అడ్డం పెట్టండి.

5 లీటర్ల సంగతి: అది ఆల్టర్నేటర్ లాస్ కాదు. అందులో సింహభాగం ఇంజను పిస్టన్లు, బేరింగులు, పంపులు, రేడియేటరు ఫ్యాను తినేది. లోడు లేనప్పుడు ఆల్టర్నేటర్ లాగేది దాదాపు రెండున్నర కిలోవాట్లు.

0.3 ఓమ్ మీ మల్టీమీటరు వైర్ల రెసిస్టెన్స్. రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి చూడండి, అదే అంకె వస్తుంది. ఆ మెషీన్ వైండింగ్ టెర్మినల్ నుంచి టెర్మినల్‌కి 0.05 ఓమ్ దగ్గర ఉంటుంది. ఆ కొలతకి మైక్రో ఓమ్ మీటరు కావాలి, నాలుగు వైర్లది.

డీజిల్ ఎలా కొలిచారో రాయలేదు. పంపు నుంచి ఇంజెక్టర్లకు పోయే డీజిల్‌లో కొంత రిటర్న్ లైనులో ట్యాంకుకి తిరిగొస్తుంది. సప్లై లైనులో మాత్రమే ఫ్లోమీటరు పెడితే తిరిగొచ్చేది కూడా తాగినట్టే లెక్కలోకి వస్తుంది. సప్లై, రిటర్న్ రెండూ ఒకే డబ్బాలో ముంచి, డబ్బాని కాటా మీద పెట్టి అరగంట నడపండి. లీటర్లు వద్దు, కిలోలు రాయండి. రిటర్న్ డీజిల్ వేడిగా ఉంటుంది, దాంతో లీటరు లెక్క తప్పుతుంది.

ఐస్క్వేర్_ఆర్:

మూర్తి గారి గాలి పద్ధతి సైటుకు సరిపోతుంది. విడివిడిగా ఏ లాస్ ఎంత అన్నది కావాలంటే మెషీన్ షాపుకి రావాలి. ఇన్‌పుట్ కొలిచి, అవుట్‌పుట్ తీసేసి మిగిలింది లాస్ అనుకోవడం చాలామంది చేస్తారు. అది ఎందుకు దెబ్బతింటుందంటే: 100 కిలోవాట్ల అవుట్‌పుట్, 108 ఇన్‌పుట్. ఇన్‌పుట్ కొలతలో 1 శాతం, అవుట్‌పుట్‌లో అర శాతం తప్పు ఉంటే లాస్‌లో 1.2 కిలోవాట్లు తేడా వస్తుంది. 8లో 1.2 అంటే 15 శాతం. డైరెక్ట్ పద్ధతి కావాలంటే 1 కిలో న్యూటన్ మీటరు, 0.1 క్లాసు టార్క్ ఫ్లాంజి ఉండాలి (ఫుల్ లోడు టార్క్ 688 న్యూటన్ మీటర్లు). దాని తప్పు కూడా 1500 ఆర్‌పీఎం దగ్గర 157 వాట్లు.

అందుకే అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 60034-2-1, మన దగ్గర ఐఎస్ 15999 పార్ట్ 2, లాసులను ఒక్కొక్కటిగా కొలిచి కూడమంటాయి. కూడికలో ఒక దాంట్లో 10 శాతం తప్పొచ్చినా మొత్తం మీద దెబ్బ చిన్నది.

స్టేటర్ (కదలని భాగం; తిరిగేది రోటర్) కాపర్ లాస్, అంటే వైండింగ్ రెసిస్టెన్స్‌లో పోయేది, తేలిక. మెషీన్ రాత్రంతా చల్లారనివ్వండి. వైండింగ్ టెంపరేచరు గది టెంపరేచరుతో సమానమయ్యాక, ఏవీఆర్ సెన్సింగ్ వైర్లు ఊడదీసి, 10 ఆంపియర్ల డీసీతో యూ-వీ, వీ-డబ్ల్యూ, డబ్ల్యూ-యూ మధ్య కొలవాలి. మూడింటి మధ్య 1–2 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే వైండింగ్‌ని అనుమానించే ముందు టెర్మినల్ లింకుల బోల్టులు బిగించి మళ్లీ కొలవండి. 32 డిగ్రీల దగ్గర 0.046 వచ్చిందనుకోండి, స్టార్ ఫేజుకి 0.023. ఫుల్ లోడు 174 ఆంపియర్లకి 2.09 కిలోవాట్లు. కానీ నడిచేటప్పుడు వైండింగ్ 110 డిగ్రీలు ఉంటే (235 + 110) ÷ (235 + 32) = 1.29, అంటే 2.7 కిలోవాట్లు. చల్లటి రెసిస్టెన్స్ తీసుకుని ఎఫిషియెన్సీ లెక్క కట్టే రిపోర్టులు చాలా చూడొచ్చు, అన్నీ అర శాతం పైనే పొగుడుకుంటాయి.

వేడి రెసిస్టెన్స్ కూడా అలాగే. మెషీన్ ఆపిన వెంటనే కొలవాలి. 50 నుంచి 200 కిలోవాట్ల మెషీన్లకి 90 సెకన్లలోపు మొదటి రీడింగు రావాలని ఐఈసీ 60034-1 చెబుతుంది. ఆ టైము దాటితే వరసగా పది రీడింగులు తీసి, గీత గీసి సున్నా సెకను దగ్గరికి వెనక్కి పొడిగించుకోవాలి.

ఐరన్ లాస్‌కి (ఇనుప కోర్‌లో పోయేదానికి) ఓపెన్ సర్క్యూట్ టెస్ట్, అంటే టెర్మినళ్లకి ఏ లోడూ కలపకుండా. క్యాలిబ్రేట్ చేసిన మోటరుతో 1500 దగ్గర తిప్పుతూ వోల్టేజీని 110 శాతం నుంచి దశలవారీగా 30 శాతం దాకా దించుతూ షాఫ్ట్ పవర్ రాయాలి. వోల్టేజీ స్క్వేర్‌కి ఎదురుగా గ్రాఫు గీస్తే కింది భాగం సూటి గీతగా వస్తుంది. ఉదాహరణకి 415 దగ్గర 2350 వాట్లు, 330 దగ్గర 1835, 250 దగ్గర 1458, 165 దగ్గర 1171. ఆ గీత సున్నా వోల్టుల దగ్గర 950ని తాకుతుంది. అది ఫ్రిక్షన్ (రాపిడి), విండేజ్ (గాలిని తిప్పడంలో పోయేది). 415 దగ్గర మిగిలిన 1400 ఐరన్ లాస్. మళ్లీ పైకి ఎక్కించకుండా ఒకే దిశలో దించాలి, లేకపోతే రోటర్‌లో మిగిలిన అయస్కాంతం పాయింట్లను చెదరగొడుతుంది.

స్ట్రే లోడ్ లాస్‌కి (లోడు కరెంటు వల్ల, పై లెక్కల్లో పడకుండా పోయే మిగతా లాస్) షార్ట్ సర్క్యూట్ టెస్ట్. మూడు టెర్మినళ్లు రాగి పట్టీతో కలిపి, ఎక్సైటేషన్ (రోటర్‌ని అయస్కాంతంగా చేసే కరెంటు) సున్నా నుంచి పెంచి 174 ఆంపియర్లు తెచ్చి, షాఫ్ట్ పవర్‌లోంచి ఫ్రిక్షన్, విండేజ్, ఆ టెంపరేచరులోని కాపర్ లాస్ తీసేస్తే మిగిలేది అదే. స్లిప్ రింగులున్న మెషీన్‌కి ఇది సూటిగా పనిచేస్తుంది.

బాలానగర్_వైండింగ్:

ఐస్క్వేర్ అన్నా, నువ్వు చెప్పిన టెస్టులన్నీ కరెక్టే. కానీ ఈ సార్ మెషీన్ బ్రష్‌లెస్, ఆ పైన సింగిల్ బేరింగ్. షాపుల వాళ్లు తప్పు చేసేది ఈ రెండు చోట్లనే.

మొదలు సింగిల్ బేరింగ్. దీని రోటర్‌కి ఒక చివర బేరింగ్ ఉంటది, రెండో చివర స్టీలు డిస్కులతోని ఇంజను ఫ్లైవీల్ మీద ఆనుతది. ఇంజను నుంచి విడదీస్తే ఆ చివర స్టేటర్ మీద పడి కూర్చుంటది. షాపుల తిప్పాలంటే డ్రైవ్ ఎండ్‌కి బేరింగ్ ఉన్న స్టబ్ షాఫ్ట్, ఎండ్ ప్లేటు చేయించాలి. ఎయిర్ గ్యాప్ చుట్టూ నాలుగు చోట్ల ఫీలర్ గేజీతో చూసుకోవాలి. ఆ కొత్త బేరింగ్ తినేది కూడా ఫ్రిక్షన్‌ల కలుస్తది, దాన్ని వేరే లెక్క కట్టి తీసెయ్యాలి.

రెండోది అసలైన ఉచ్చు. బ్రష్‌లెస్‌ల మెయిన్ రోటర్‌కి పోయే కరెంటు ఎక్సైటర్ అనే చిన్న జనరేటర్ ఆర్మేచర్‌ల పుడతది, ఎక్సైటర్‌ని తిప్పేది అదే షాఫ్ట్. అంటే రోటర్ కాపర్ లాస్, డయోడ్ల లాస్, ఎక్సైటర్ లాస్ మొత్తం నువ్వు కొలిచే షాఫ్ట్ పవర్‌లనే కలిసి వస్తయి. బయటి నుంచి ఎక్సైటర్ ఫీల్డుకి ఇచ్చే కరెంటు రెండు ఆంపియర్లు ఉండొచ్చు. అది చూసి ఎక్సైటేషన్ పవర్ వంద వాట్లలోపే కదా అనుకుంటరు, కానీ రోటర్‌ల దాదాపు రెండు కిలోవాట్లు కాలుతుంటయి.

లెక్క చూడు. షార్ట్ సర్క్యూట్‌ల 174 ఆంపియర్ల దగ్గర షాఫ్ట్ పవర్ 4.94 కిలోవాట్లు వచ్చిందనుకో. ఫ్రిక్షన్ విండేజ్ 0.95, 45 డిగ్రీల దగ్గర స్టేటర్ కాపర్ 2.19 తీస్తే 1.8 మిగిలింది. దాన్నంతా స్ట్రే అని రాసేస్తే తప్పు. ఆ టైముల రోటర్‌ల 28 ఆంపియర్లు పోతుంటయి, 1.4 ఓమ్‌కి 1.1 కిలోవాట్లు, ఎక్సైటర్‌ది ఇంకో 0.1. అసలు స్ట్రే 0.6 మాత్రమే. మూడింతలు తప్పు చూపించి, స్టేటర్ స్ట్యాంపింగులు పాడైనయని చెప్పే రిపోర్టులు ఇట్లనే పుడతయి. ఓపెన్ సర్క్యూట్‌ల కూడా ఇదే కథ, 415 దగ్గర రోటర్, ఎక్సైటర్ కలిపి 300 వాట్లు ముందే తీసెయ్యాలి, తర్వాతనే గ్రాఫు.

రోటర్ కరెంటు ఎట్ల తెలుస్తది? మంచి దారి, తిరిగే డయోడ్ల బ్రిడ్జిని ఊడదీసి రోటర్ లీడ్లకి తాత్కాలిక స్లిప్ రింగులు బిగించి బయటి నుంచి డీసీ ఇయ్యడం. అప్పుడు షాఫ్ట్ పవర్‌ల రోటర్ లాస్ ఉండదు, అన్న చెప్పినట్టే నడుస్తది. అది కాకపోతే తయారీదారు ఫ్యాక్టరీ టెస్ట్ షీటుల ఎక్సైటర్ ఫీల్డు కరెంటుకి ఎదురుగా రోటర్ కరెంటు ఇస్తరు, దాన్ని వాడుకోవాలి.

ఇంకో మాట, ఇది ప్రమాదం గురించి. షార్ట్ సర్క్యూట్ టెస్టుకి ముందు ఏవీఆర్ నుంచి ఎక్సైటర్ ఫీల్డుకి పోయే వైర్లు ఎక్స్, డబుల్ ఎక్స్ రెండూ ఊడదీసి, వేరే 0–60 వోల్టుల డీసీ సప్లై పెట్టాలి. ఏవీఆర్ ఉంచితే అది టెర్మినల్‌ల సున్నా వోల్టులు చూసి ఎక్సైటేషన్‌ని పూర్తిగా పైకి లాగొచ్చు. పట్టీ బ్రేకరు ముందర, ఆల్టర్నేటర్ టెర్మినల్ దగ్గరనే వెయ్యాలి. బ్రేకరు అవతల వేసి, టెస్టు మధ్యల బ్రేకరు పడిపోయిందంటే వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తది.

సైటుల చేయగలిగిన పని ఒకటుంది సార్. లోడు లేకుండా 1500 మీద నడిపి ఎక్స్, డబుల్ ఎక్స్ మధ్య డీసీ వోల్టులు కొలవండి. మాన్యువల్‌ల నో లోడ్ అంకె ఉంటది, చాలా మెషీన్లల 10–12 వోల్టుల దగ్గర. దానికి బాగా ఎక్కువ వస్తే తిరిగే డయోడ్ పోయి ఉండొచ్చు, లేదంటే రోటర్‌ల టర్నులు షార్టయి ఉండొచ్చు. సరిగ్గ ఉంటే రీవైండింగ్ అనే మాటకి ఆధారం సగం పోయినట్టే.

ఐస్క్వేర్_ఆర్:

బాలానగర్ వారు రాసిన రోటర్ లెక్క ఎవరైనా ప్రింటు తీసి షాపులో అంటించుకోవచ్చు.

45 కిలోవాట్ల దగ్గర అన్నీ కూడితే ఎలా వస్తుందో కూడా రాస్తాను, గాలి కొలతతో పోల్చుకోవచ్చు. 78 ఆంపియర్లు, వైండింగ్ 75 డిగ్రీలు అనుకుంటే స్టేటర్ కాపర్ 0.49 కిలోవాట్లు. రోటర్ 22 ఆంపియర్ల దగ్గర 0.73. ఎక్సైటర్, డయోడ్లు 0.15. ఐరన్ 1.4, ఫ్రిక్షన్ విండేజ్ 0.95, స్ట్రే 0.12. మొత్తం 3.84, ఎఫిషియెన్సీ 92.1 శాతం. ఇందులో 2.35 కిలోవాట్లు లోడుతో పనిలేకుండా ఎప్పుడూ పోయేవే అని గమనించండి. సగం లోడుకన్నా కింద నడిచే డీజీలో లీటరుకి యూనిట్లు పడిపోవడంలో కొంత వాటా దీనిది.

రెసిస్టివ్ లోడ్ బ్యాంకు మీద, లేదా నీళ్ల తొట్టి లోడు మీద టెస్టు చేసి ఎఫిషియెన్సీ బాగా వచ్చిందని సంబరపడొద్దు. యూనిటీ పవర్ ఫ్యాక్టర్ దగ్గర 100 కిలోవాట్లకి 139 ఆంపియర్లే పోతాయి, స్టేటర్ కాపర్ లాస్ 0.8 పవర్ ఫ్యాక్టర్‌లో వచ్చేదానిలో 64 శాతమే. రోటర్ కరెంటు కూడా బాగా తగ్గుతుంది. మీ కంప్రెసరు మోటరు లాగే లోడు అది కాదు.

తయారీదారుతో గొడవకి దిగేముందు ఇంకొకటి: 150 కిలోవాట్ల దాకా మెషీన్లకి ఐఈసీ 60034-1 ఇచ్చే వెసులుబాటు లాస్ శాతంలో 15 శాతం. డేటా షీటులో 92.6 ఉంటే 91.5 వచ్చినా అది పాసే.

మిర్చిస్టోర్_ఎలక్ట్రికల్:

అందరికీ ధన్యవాదాలు అండీ. చెప్పినట్టే కొలిచాను. లోడు కదలకుండా ఉండాలని కంప్రెసరు అన్‌లోడర్లు లాక్ చేసి మూడు గంటలు నడిపాం.

ఇన్‌లెట్ జాలీ దగ్గర 33.0 డిగ్రీలు, అవుట్‌లెట్ సగటు 42.0. జాలీ ఖాళీ వైశాల్యం 0.09 చదరపు మీటరు, వేగం సగటు సెకనుకు 5.2 మీటర్లు. ఎక్స్, డబుల్ ఎక్స్ మధ్య నో లోడ్‌లో 11 వోల్టులు. డీజిల్ ఒకే డబ్బా కాటా మీద పెట్టి అరగంట చూస్తే 6.9 కిలోలు తగ్గింది. ప్యానెల్ మీటరు అప్పుడు కూడా 45 కిలోవాట్లే.

టెస్ట్‌బెడ్_మూర్తి:

5.2 × 0.09 = 0.47 ఘనపు మీటరు. 0.47 × 9 × 1.1 = 4.65 కిలోవాట్లు. బాడీ మీద నుంచి నేరుగా పోయేది కలపాలి: రెండు చదరపు మీటర్లు, గదికన్నా 15 డిగ్రీలు వేడి, చదరపు మీటరుకి డిగ్రీకి 12 వాట్లు చొప్పున 0.36. మొత్తం 5 కిలోవాట్లు. 18 కాదు. ఎక్సైటేషన్ 11 వోల్టులు కూడా సరిగానే ఉంది. ఆల్టర్నేటర్ జోలికి పోవద్దు.

అయినా 45 కిలోవాట్ల లోడుకి 5 కాస్త ఎక్కువే, 3.84 రావాలి. ఎనిమోమీటరు కొలతలో 10 శాతం తప్పు తీసేసినా మిగులుతోంది. అటు డీజిల్ గంటకు 13.8 కిలోలు, అదీ ఎక్కువే. డీజిల్, వేడి రెండూ ఒకే వైపు ఎక్కువ చూపిస్తున్నాయి కాబట్టి అసలు లోడే 45 కన్నా ఎక్కువ ఉండి ఉండాలి. ప్యానెల్‌లో సీటీ (పెద్ద కరెంటుని మీటరుకి సరిపడా తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీద ఏ రేషియో ఉందో, మీటరు సెట్టింగులో ఏ రేషియో పెట్టారో రెండూ చూడండి. మీటరులో తక్కువ రేషియో పెట్టి ఉంటే కిలోవాట్లు తక్కువ చూపిస్తుంది.

ఇంకొకటి, న్యూట్రల్ మీద లైట్ల లోడు ఉంది కదా, మీటరు మూడు ఫేజులకీ మూడు సీటీలతో ఉందా? రెండు వాట్‌మీటర్ల కనెక్షను మూడు వైర్ల లోడుకే. క్లాంప్ మీటరుతో సరిచూసుకునే పనైతే దాని ఫేజ్ ఎర్రర్ గుర్తుంచుకోండి. 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఒక్క డిగ్రీ తప్పుకి కిలోవాట్లలో 1.3 శాతం తప్పు.

మిర్చిస్టోర్_ఎలక్ట్రికల్:

సీటీలు మూడున్నాయి, వాటి మీద 250/5 అని ఉంది. మీటరులో 200/5 పెట్టి ఉంది. ప్యానెల్ మార్చినప్పుడు సీటీలు మార్చి, సెట్టింగు మార్చలేదు.

టెస్ట్‌బెడ్_మూర్తి:

అయితే 45 × 1.25 = 56.2 కిలోవాట్లు. ఆ లోడుకి ఆల్టర్నేటర్ లాస్ కూడితే 4.5 దగ్గర వస్తుంది, మీ గాలి కొలత 5. ఈ పద్ధతికి ఆ దగ్గరతనం చాలు. షాఫ్ట్ మీద 60.7, డీజిల్ 13.8 కిలోలు, యూనిట్‌కి 227 గ్రాములు. లీటరుకి 3.4 యూనిట్లు వస్తున్నాయి. ఇంజను, ఆల్టర్నేటర్ రెండూ బాగున్నాయి. అదే సీటీల నుంచి ఓవర్ లోడ్ రిలే కూడా తీసుకుంటుంటే దాని సెట్టింగు కూడా ఇప్పుడే సరిచేయండి, లేకపోతే పెట్టుకున్న హద్దు కన్నా కరెంటు 25 శాతం ఎక్కువ అయ్యాక గానీ అది మేలుకోదు.

కాలువగట్టు_ట్రిపుల్ఈ:

నాగార్జునసాగర్ లాంటి చోట 100 మెగావాట్ల యూనిట్లకి ఇవే పద్ధతులా సార్? అంత మెషీన్‌ని తిప్పే మోటరు ఎక్కడి నుంచి తెస్తారు? మా ప్రాజెక్టు రిపోర్టుకి కావాలి.

హైడల్_టెస్టింగ్:

తేరు. ఐఈసీ 60034-2-2 దానికోసమే ఉంది. రెండు దారులు.

ఒకటి మూర్తి గారు చెప్పిందే, గాలికి బదులు నీళ్లు. అంత మెషీన్లలో గాలి లోపలే తిరుగుతూ కూలర్లలోని నీళ్లకి వేడి ఇస్తుంది. సెకనుకు లీటర్లు × టెంపరేచరు తేడా × 4.19 = కిలోవాట్లు. ఎఫిషియెన్సీ 98.3 ఉన్న 100 మెగావాట్ల యూనిట్‌లో లాస్ 1.7 మెగావాట్లు. అందులో 1.5 కూలర్లలోకి వస్తే, నీళ్లు సెకనుకు 60 లీటర్లు పోతుంటే తేడా 6 డిగ్రీలే. 0.1 డిగ్రీ తప్పితే 1.7 శాతం తప్పు. మిగతాది బేరింగ్ ఆయిల్ కూలర్లు, కాంక్రీటు గోడలు, పై కవరు నుంచి పోయేది, విడిగా లెక్కించాలి. థ్రస్ట్ బేరింగ్ టర్బైన్ రన్నర్ (నీళ్లు తిప్పే చక్రం) బరువుని, నీటి తోపుడుని కూడా మోస్తుంది కాబట్టి దాని లాస్ మొత్తం జనరేటర్ ఖాతాలో వేయకూడదు. బరువుల నిష్పత్తిలో పంచుకుంటారు.

రెండోది రిటార్డేషన్. యూనిట్‌ని 105–110 శాతం వేగానికి తీసుకెళ్లి, గేట్లు మూసి, దానంతట అదే నెమ్మదించేటప్పుడు రేటెడ్ వేగం దాటుతున్న క్షణంలో ఎంత చప్పున తగ్గుతోందో చూస్తారు. తిరిగే భాగంలో నిల్వ ఉన్న శక్తి 413 మెగాజౌల్స్ అనుకుంటే (118 ఎంవీఏ × 3.5 సెకన్లు), వేగం సెకనుకు 0.15 శాతం చొప్పున పడుతుంటే లాస్ 2 × 413 × 0.0015 = 1.24 మెగావాట్లు. ఎక్సైటేషన్ లేకుండా ఒకసారి, ఓపెన్ సర్క్యూట్‌లో ఒకసారి, షార్ట్ సర్క్యూట్‌లో ఒకసారి నెమ్మదించనిస్తే మూడు రకాల లాసులు విడివిడిగా వస్తాయి. ఇక్కడ తలనొప్పి రన్నర్. అది నీళ్లలో తిరుగుతుంటే జనరేటర్ లాస్ అందులో కొట్టుకుపోతుంది. డ్రాఫ్ట్ ట్యూబులోకి (టర్బైన్ నుంచి నీళ్లు బయటికి పోయే గొట్టం) కంప్రెస్డ్ ఎయిర్ పంపి నీటి మట్టాన్ని రన్నర్ కిందికి దించాలి, అప్పుడు కూడా రన్నర్ గాలిలో తిరిగే లాస్ తీసేయాలి.

నీళ్ల పద్ధతి రాస్తున్నట్టయితే ఇది కూడా చేర్చుకో బాబూ: ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఆర్టీడీలు (టెంపరేచరు కొలిచే సెన్సర్లు) రెండూ పాకెట్లలో నూనె పోసి పెట్టి ఒక సెట్టు రీడింగులు తీశాక, రెండింటినీ ఒకదాని స్థానంలో మరొకటి మార్చి ఇంకో సెట్టు తీయాలి. రెండు తేడాల సగటు తీసుకుంటే ఆర్టీడీల మధ్య ఉన్న తేడా దానంతట అదే కొట్టేసుకుంటుంది.